దశమి నాడు చూసిన స్థలం

మా ఆయన పైడిబాబు డబ్బు విషయంలో మేధావి అయిపోయింది వేట బందు రోజుల్లోనే. ఏప్రిల్ మధ్యలో సర్కారు రెండు నెలలపాటు పడవలు ఒడ్డున కట్టేయిస్తుంది. మిగతా మగాళ్లు వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పి తుడుచుకుంటారు, పేకాడుకుంటారు. మా ఆయన మాత్రం గుమ్మంలో కూర్చుని ఫోన్లో వీడియోలు చూశాడు. పది రోజులు తిరిగేసరికి ఆ మనిషి నోట్లోంచి చేప, వల, ఐసు అనే మాటలే పోయాయి. పొద్దున లేస్తే ఇన్వెస్ట్‌మెంటు, పడుకునే ముందు రిటర్ను. నేను పెరట్లో ఎండు చేపలు తిరగేసుకుంటుంటే వెనక నుంచి పాఠం మొదలుపెట్టేవాడు.

"బేబీ, అద్దె కట్టడం అంటే ఏటో తెల్సా? నోటు కాల్సి బీడీ ముట్టించుకున్నట్టు. సంఝీ?"

"ముందు ఆ బీడీ మానేయ్ మావా. నెలకి వెయ్యి మిగుల్తాది," అన్నాను.

పైకి అలా అన్నాను గానీ, అద్దె మాట నాకు లోపల గుచ్చుకునే ఉంది. జంగ్లీఘాట్‌లో మేముంటున్నది పెళ్లయ్యాక ఆరో ఇల్లు. దాని యజమాని ఇంటికి రంగులేయించి టూరిస్టులకి హోమ్‌స్టే పెడతాడట, దీపావళికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో చేపలమ్ముకునేవాళ్లకి ఇల్లు దొరకడం అంత సులువు కాదు. ముందు అందరూ నవ్వుతూనే గదులు చూపిస్తారు. ఏం పని చేస్తారని అడిగి తెలుసుకున్నాక వాళ్ల చుట్టాలెవరో ఆ ఇంట్లో దిగబోతున్నారని గుర్తొస్తుంది. నలభై రెండేళ్లొచ్చాయి నాకు. గోడకి ఒక మేకు కొట్టుకోవాలంటే పరాయివాడి అనుమతి అడగాలి. విసుగొచ్చేసింది. ఈసారి మారితే సొంత గోడల మధ్యకే మారాలని పట్టుబట్టి కూర్చున్నాను.

మా దగ్గర పదేళ్లుగా కూడబెట్టిన తొమ్మిది లక్షలున్నాయి. అదికాక పడవ పాలు ఉంది. వేటలో వచ్చిన డబ్బుని మనిషికో పాలు, వలకో పాలు, పడవకో పాలు చొప్పున పంచుతారు. పడవ పాలు పడవదే. ఇంజను పాడైనా, వల చిరిగినా అందులోంచే తియ్యాలి. పెళ్లొచ్చినా చావొచ్చినా దాన్ని ముట్టుకోకూడదని మా అత్త దేముడమ్మ కట్టిన కట్టుబాటు. ఆ పాసుబుక్కు ఆవిడ తలగడ కిందే ఉండేది.

ఇలా ఉండగా లోకనాథం వచ్చాడు. వాళ్లూ మా ఉత్తరాంధ్ర వాళ్లే గానీ తాతల నాటి నుంచి దీవుల్లోనే పుట్టి పెరిగినవాళ్లు. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై, స్థలాలు చూపించే పని పెట్టుకున్నాడు. జేబులో కళ్లజోడుతో పాటు చిన్న పంచాంగం ఉండేది.

"చౌల్దారీలో, రోడ్డు దిగాక పది నిమిషాల నడక. రెండొందల చదరపు మీటర్లు, పట్టా భూమి, చదునుగా పళ్లెంలా ఉంటాది. పన్నెండు లక్షలు. భయ్యా, నాలుగేళ్లలో డబల్, పక్కా!" అన్నాడు.

డబల్ అనేసరికి మా ఆయన కళ్లు మెరిశాయి. నేను మాత్రం, "ఎప్పుడు చూపిస్తావు అన్నయ్యా?" అని అడిగాను.

ఆయన పంచాంగం తీశాడు. "రేపు నవమి, వద్దు. ఎల్లుండి దశమి చెల్లెమ్మా. దివ్యంగా ఉంది."

దశమి నాడు బస్సెక్కి వెళ్లాం. ఆ స్థలం చూశాక నేను ఇంకేమీ చూడలేదు. పచ్చగడ్డి, గాలి, దూరంగా ఉప్పుటేరు మీద తెల్ల కొంగలు. ఎవరి గోడా మన గోడకి ఆనుకుని లేదు. నేను కొంగు నడుముకి దోపి అడుగులు వేసి కొలిచేశాను. ఇది హాలు, ఇది మా గది, ఇటు తూర్పున వంటిల్లు, దాని వెనక చేపలు కడిగే గట్టు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అలాగే కిటికీ ఎటు పెట్టాలో కూడా తేల్చేశాను. మా ఆయన నా వెనకే నడుస్తూ వీడియో తీశాడు.

అవతల నాలుగు కొబ్బరి చెట్లు తలల్లేకుండా మొండిగా నిలబడి ఉన్నాయి. "ఇవేటి ఇలా అయిపోయాయి?" అన్నాను.

"కొమ్ము పురుగు," అన్నాడు లోకనాథం.

గడ్డిలో అక్కడక్కడ పీత బొరియలు కూడా కనిపించాయి. అవి చూసి నేను చేసిందేమిటి? సంతోషించాను. కూరకి బజారుకి వెళ్లక్కర్లేదని నవ్వాను కూడా.

పదిహేను రోజులాగి మళ్లీ దశమి వస్తే అత్తని వెంటబెట్టుకుని వెళ్లాం. మూడు లక్షల పడవ పాలు ఆవిడ చేతిలో ఉంది, ఆవిడ ఊఁ అంటేగానీ బేరం కుదరదు. అత్త గాలీ చూడలేదు, కొంగలనీ చూడలేదు. గొంతుక్కూర్చుని మట్టి పిసికింది. గడ్డిపరక ఒకటి తెంపి నమిలి ఉమ్మేసింది.

"ఇక్కడ వరి ఎందుకు మానేసినారు బాబూ?" అని అడిగింది.

"పిల్లలకి గవర్నమెంటు ఉద్యోగాలొచ్చాయి పిన్నీ. ఇంక మట్టి ఎవరు పిసుకుతారు?" అన్నాడు లోకనాథం.

అత్త చేతులు దులుపుకుని లేచింది. తిరుగు బస్సులో టికెట్టు తీసుకున్నాక ఒక్కటే మాట అంది. "అమావాసకి ఓపాలి వచ్చి సూడాల."

ఇంటికొచ్చాక పెద్ద గొడవే అయింది. వచ్చే దశమికి మూడు లక్షలు అడ్వాన్సు ఇస్తామని మా ఆయన అప్పటికే మాటిచ్చేశాడు.

"అమావాస్య నాడు ఎవుడైనా సొంతింటి పని మీద ఎల్తాడేటమ్మా? అరే, లోకం నవ్వుద్ది!" అన్నాడు.

"సూడ్డానికేరా. కొనమన్లేదు."

"ఏటి సూడాలి? రెండు సార్లు చూశాం కదా అత్తా," అన్నాను నేను.

"మూడోపాలి సూడాల. అంతవరకూ నా పుస్తకం రాదు." అత్త తలగడ మీద చెయ్యి వేసి పడుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేటి అత్తా, చాపేస్తే ఎక్కడైనా నిద్రపోతావు! ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడల్లా బుట్టలు నెత్తినెట్టుకుని తిరిగేది నేను. నాకో ఇల్లు రావడం నీకు ఇష్టం లేదని చెప్పేయ్, అయిపోద్ది!" అన్నాను. ఆ మాట అనాల్సింది కాదు. అత్త గోడవైపు తిరిగింది. నాలుగు రోజులు మా ఇద్దరి మధ్యా అన్నం పెట్టనా, వద్దు, అంతే.

అమావాస్య పొద్దున నేను లేచేసరికి అత్త మంచం ఖాళీ. గొడుగూ లేదు, చేపల బుట్టా లేదు. ఎదురింటామెని అడిగితే, "మీ అత్త చౌల్దారీ బస్సెక్కింది బేబీ," అంది. మా ఆయన ఇంజను బాగుచేయించడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. డెబ్బై ఏళ్ల మనిషి అమావాస్య పూట ఒక్కతే పొలాల్లో పడిందంటే నలుగురూ నన్నేగా అంటారు! తిట్టుకుంటూ తర్వాతి బస్సెక్కాను. దారి పొడుగునా అత్తని ఏమేం అడగాలో వరసగా పేర్చుకున్నాను.

దిగేసరికి పది కావస్తోంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది గానీ చినుకు పడలేదు. రోడ్డు దిగి నడుస్తుంటే చెప్పుల కింద చితుకు చితుకుమంది. రాత్రి వాన పడి ఉంటుందనుకున్నాను. గట్టు దాటాక అత్త కనిపించింది. సరిగ్గా మా హాల్లో, చీర మోకాళ్ల పైకి దోపుకుని నిలబడి ఉంది. కాళ్లు పిక్కల దాకా నీళ్లలో ఉన్నాయి. చేతిలో గరిటంత డెక్కలున్న పీత.

"సెప్పులిప్పి రాయే. జారతాది," అంది.

చెప్పులిప్పి నా వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. నీళ్లు చప్పుడు లేకుండా వస్తున్నాయి. అల లేదు, నురగ లేదు. ముందు పీత బొరియల్లో బుడగలొచ్చాయి, తర్వాత గడ్డి మొదళ్లు తడిశాయి, నేను చూస్తుండగానే చీలమండలు మునిగాయి. ఉప్పుటేరు నుంచి పోటు నీళ్లు పొలమంతా పాకుతున్నాయి. నేను కిటికీ పెట్టుకున్న చోట చిన్న చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి.

తిథుల సంగతి నాకు తెలియదా? అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, దశమికి పోటు చచ్చి ఉంటుంది. దాన్నిబట్టే బజార్లో నేను ఇరవై ఏళ్లుగా చేపకి ధర కడుతున్నాను. మా ఆయన అదే లెక్కన వల వేస్తాడు. కానీ స్థలం కొనడం శుభకార్యం కదా! శుభకార్యం అనగానే మా బుర్రల్లో పంచాంగం వేరే పేజీ తిరిగిపోయింది. మంచి రోజని దశమికి వెళ్లాం, మళ్లీ దశమికే వెళ్లాం, దశమికే డబ్బు కూడా ఇవ్వబోయాం. సముద్రం మీద బతికేవాళ్లం, నీళ్లు లేని రోజు చూసుకుని మరీ నీళ్లలో ఇల్లు కొనబోయాం. నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది గానీ ముందు ఏడుపే వచ్చింది.

"తెలిసీ ఎందుకు చెప్పలేదత్తా?"

"తెల్దు. అనుమానం. గడ్డి ఉప్పగా ఉంది. సునామీ తరవాత ఇటేపు నేల దిగిపోయిందని ఇన్నాను, ఏ పొలమో ఎంత దిగిందో నానేటి సెప్పగల్ను? ఉత్త అనుమానంతో వొద్దంటే, ముసల్ది నా కొంప సెడగొట్టిందని నాను సచ్చేదాకా అందువు కాదేటి?"

అందును. నాలుగు రోజుల ముందే దాదాపు అనేశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయింది అత్తా," అన్నాను. "ఆ ఏడుపు తరవాత ఏడు, బుట్ట ఇటు పట్టు, ఇంకోటి పోతంది," అంది. నడుం లోతు రాకుండా గట్టు వైపు జరుగుతూ ఇద్దరం కలిసి అయిదు పీతలు పట్టాం. బయల్దేరే ముందు ఫోను తీసి నా ఇంటినంతా, గది గదికీ, వీడియో తీసుకున్నాను.

ఆ రాత్రి మా ఆయనకి ఏమీ చెప్పలేదు. నాకు అంత తొందరగా ఆ ఇల్లు వదులుకోవాలనిపించలేదు, అది నిజం. మర్నాడు మధ్యాహ్నం లోకనాథాన్ని భోజనానికి పిలిచాను. అల్లం వెల్లుల్లి దంచి, కొబ్బరి వేసి, పీతల ఇగురు చేశాను. మగాళ్లిద్దరూ డెక్కలు కొరుక్కుంటూ మార్కెట్ గురించి మాట్లాడుకుంటున్నారు.

"అబ్బా, కండ ఎంతుంది చెల్లెమ్మా! బందు రోజుల్లో ఇలాంటి పీతలు ఎక్కడ దొరికాయి?" అన్నాడు లోకనాథం.

"నువ్వు చూపించిన స్థలంలోనే అన్నయ్యా. రెండు హాల్లో దొరికాయి, మూడు వంటింట్లో."

మా ఆయన పకపకా నవ్వాడు. తర్వాత నా మొహం చూసి ఆగాడు. నేను ఫోను ఆయన కంచం పక్కన పెట్టాను. "నువ్వు చాలా వీడియోలు చూస్తావు కదా మావా, ఇది కూడా చూడు."

ఆయన చూశాడు. మళ్లీ చూశాడు. ఎడమ చేతి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "దశమి... మళ్లా దశమి... అరే భగవాన్!" ఎంగిలి చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు, ఇగురు కనుబొమ్మలకంటింది. "ఈ చేత్తోనేనా నేను పాతికేళ్లు వల ఏసింది? సిగ్గు సిగ్గు!" తర్వాత కోపం లోకనాథం వైపు మళ్లింది. "నీకు తెల్సు. తెల్సే దశమికి తీసుకెళ్లినావు!"

లోకనాథం చేతిలోని డెక్క కంచంలో పెట్టేశాడు. "తెల్సు భయ్యా," అన్నాడు. "ఆ స్థలం నాదే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పోసి కొన్నాను. నాకూ దశమి నాడే చూపించారు." ఆరేళ్లుగా భార్యకి కూడా చెప్పలేదట.

మా ఆయన లేవబోయాడు. "కూకో! తింటన్న మనిసిని లేపకూడదు," అని అత్త కసిరింది. లోకనాథం కంచంలో ఇంకో గరిటెడు ఇగురు వేసింది. "బాబూ, నీకు బుర్ర లేదు. వరి పండని సోట వరి ఎతుకుతావు, ఇల్లు నిలబడని సోట ఇల్లు అమ్ముతావు. అక్కడ పండేది నీ కంచంలో ఉంది. గట్టు ఎత్తుగా ఏసి, తూము ఎట్టి, పిల్ల పీతల్ని ఒదిలి మేపు. మా పడవ మీద పనిచేసే కుర్రోళ్లు కవులుకి తీసుకుంటారు, ఏడాదికింతని ఇస్తారు. ఒక్కపాలితో అయిపోదు, ఏడాదేడాదీ వస్తాది."

"రెంటల్ ఇన్‌కమ్," అన్నాడు మా ఆయన అప్రయత్నంగా. ఆ మాటకి అందరికంటే ముందు లోకనాథమే నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

"ఇంకొక్క మాట అన్నయ్యా. ఇంటి స్థలం అని మళ్లీ ఏ ఆడపిల్లకైనా అది చూపించావో, ఆ పిల్లని కూడా పిలిచి పీతలు వండి పెడతాను," అన్నాను.

"చూపించను చెల్లెమ్మా. ఒట్టు," అన్నాడు.

లోకనాథం వెళ్లాక గిన్నెలు కడుగుతూ నేను బాగానే ఏడ్చాను. దీపావళికల్లా ఖాళీ చెయ్యాలి, చేతిలో ఇల్లు లేదు. పక్కగదిలోంచి ఫోను చప్పుడేమీ వినపడలేదు. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడి, గిన్నెలు తుడిచి బోర్లించాడు. పెళ్లయ్యాక ఆ పని చెయ్యడం అదే మొదలు.

వానలు మొదలయ్యాయి. తర్వాతి అమావాస్య పొద్దున్నే లోకనాథం నుంచి ఫోను. "చెల్లెమ్మా, ఇవాళ ఒక స్థలం చూపిస్తాను, వానలోనే రండి. వాన తగ్గాక చూస్తే ఏటి తెలుస్తాది?" అన్నాడు.

గారచరమ దాటాక కొండ వాలు మీద ఉంది అది. నూట పది మీటర్లే. బండి పోదు, నలభై మూడు మెట్లు ఎక్కాలి, అందుకే ఎనిమిది లక్షలకే వస్తోంది. కుండపోత వానలో నలుగురం గొడుగులు పట్టుకుని గంటసేపు నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూశాం. కొండ మీంచి వచ్చే నీళ్లు కాలవలోకి పడి పోతున్నాయి, స్థలం మీద నిలవడం లేదు. అత్త మట్టి నమిలి తలూపింది. పక్కింటావిడని అడిగాను, కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో, వేసవిలో ట్యాంకరు ఎక్కడ ఆగుతుందో. మా ఆయన ఆ వారమంతా వీడియోలు కట్టిపెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పట్టా ఎవరి పేరున ఉందో, దాని మీద అప్పుందో లేదో, కొలతలు సరిపోయాయో లేదో కాగితాలు తెచ్చి చూసుకున్నాడు. పడవ పాలు జోలికి ఎవరమూ వెళ్లలేదు. లక్ష రూపాయలు చేతిలో మిగిలాయి, దాంతో ముందు రేకుల గది ఒకటి వేసుకుందామనుకున్నాం.

వేట మళ్లీ మొదలైన వారానికి దస్తావేజు రాయించడానికి వెళ్లాం. రాసే కుర్రాడు రాంచీ వాళ్ల అబ్బాయి, హిందీ తప్ప మాట్లాడడు. ఆధార్ కార్డులు ముందు పెట్టుకుని, "కిస్‌కే నామ్ పే?" అన్నాడు, ఎవరి పేరు మీద అని. నేను మా ఆయన కార్డు ముందుకి తోశాను. రెండు నెలలుగా ఇంట్లో వినిపించిందల్లా నా ప్లాటు, నా అసెట్టు, నా ఇన్వెస్ట్‌మెంటు. ఇంకెవరి పేరు రాస్తారు?

మా ఆయన తన కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్‌కే నామ్ పే," అన్నాడు నన్ను చూపిస్తూ.

"ఏటి మావా?"

"ఆ నీళ్ల స్థలం మీద నీకెంత మోజో నాకు తెల్సు. నిద్రలో కూడా కిటికీలు పెట్టావు. అయినా వీడియో తీసుకొచ్చి నా కంచం పక్కన పెట్టింది నువ్వే. నీ పేరు రాయకపోతే ఇంకెవుడి పేరు రాస్తారేటి?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు, బల్ల మీదున్న కాగితం మీద పడేలా ఉంటే కొంగు అడ్డం పెట్టుకున్నాను. పాపం ఆ కుర్రాడు కంగారు పడిపోయాడు. రాయడం ఆపి, మా ఆయన్ని అనుమానంగా చూసి, "దీదీ, కోఈ జబర్‌దస్తీ తో నహీఁ కర్ రహా?" అని అడిగాడు. ఎవరూ బలవంతం చెయ్యడం లేదు కదా అని!

వెనక బెంచీ మీంచి అత్త గట్టిగా నవ్వింది. మా ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. నేను ముక్కు తుడుచుకుని, "నహీఁ భయ్యా, ఖుషీ హై," అన్నాను.

కుర్రాడు కాగితాలు నా వైపు తిప్పి, అయిదు చోట్ల సంతకం పెట్టమన్నాడు. తెలుగులో, పూర్తి పేరు, అయిదు చోట్లా పెట్టాను.

"ఇంకెక్కడైనా పెట్టాలా భయ్యా?" అని అడిగాను.